చచ్చిన సూక్ష్మజీవి వదిలిన పోగు

అందరికీ నమస్కారం.

ముందు ఈ గ్లాసు చూడండి. ఇందాక మీ ఎదురుగానే అరటిపండు ముక్కని ఉప్పునీళ్లలో చిదిమి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలిపి, వడకట్టి, పైన చల్లటి స్పిరిట్ మెల్లగా పోశాను. ఇప్పుడు ఆ రెంటి మధ్యా తెల్లగా, బంకబంకగా ఏదో తేలుతోంది కదా. పుల్ల పెట్టి తిప్పితే తడి దూదిపోగులా చుట్టుకుంటోంది. అందులో ఉన్నది అరటి డీఎన్ఏ. పండు గుజ్జులోని బంక కూడా కొంత అంటుకుని ఉంటుంది, పర్వాలేదు. ఇలాంటి పోగు బయట కనిపిస్తే పట్టుకుని లోపలికి లాక్కునే బ్యాక్టీరియా ఉన్నాయి.

ఈ సంగతి బయటపడింది న్యుమోనియా వల్ల. లండన్‌లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ అనే ప్రభుత్వ వైద్యుడు న్యుమోనియా తెచ్చే న్యూమోకాకస్ అనే బ్యాక్టీరియా మీద పనిచేసేవారు. దాంట్లో రెండు రకాలు. ఒంటి చుట్టూ చక్కెరల తొడుగు ఉన్నది నునుపుగా పెరుగుతుంది, చిట్టెలుకని చంపుతుంది. తొడుగు లేనిది గరుకుగా పెరుగుతుంది, దానివల్ల ప్రాణభయం లేదు. ఆయన నునుపు రకాన్ని వేడిచేసి చంపి, బతికున్న గరుకు రకంతో కలిపి ఎలుకలకి ఎక్కించారు. విడివిడిగా ఏదీ చంపలేనిది, కలిపితే ఎలుకలు చచ్చిపోయాయి. వాటి రక్తంలో తొడుగుతో సహా బతికున్న నునుపు రకం దొరికింది! ఇది 1928లో అచ్చయింది. చచ్చినవి లేచి రాలేదు. చచ్చినవాటి నుంచి ఏదో బతికున్నవాటికి చేరింది. ఆ 'ఏదో' ఏమిటన్నది మాత్రం ఆయనకి తేలలేదు.

అది తేల్చింది న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో ఆస్వాల్డ్ అవెరీ, కాలిన్ మెక్లియాడ్, మెక్లిన్ మెకార్టీ. చచ్చిన నునుపు రకం నుంచి తీసిన పదార్థంలో ప్రోటీన్లని అరిగించే ఎంజైములు వేశారు, గరుకు రకాన్ని మార్చే దాని శక్తి తగ్గలేదు. డీఎన్ఏకి దగ్గరి చుట్టమైన ఆర్ఎన్ఏని తెంచేది వేశారు, అయినా తగ్గలేదు. డీఎన్ఏని ముక్కలు చేసే ఎంజైము తగలగానే పోయింది. ఆల్కహాల్ పోస్తూ కలిపినప్పుడు అది వాళ్ల గాజు కడ్డీకి కూడా ఇలాగే తెల్లటి పోగులై చుట్టుకుంది. వారసత్వాన్ని మోసేది డీఎన్ఏ అని 1944లో వాళ్లు చూపించిన సాక్ష్యం అది. అవెరీకి నోబెల్ రాలేదు. నాకిప్పటికీ అది మింగుడుపడదు.

మరి పోగు లోపలికెలా వెళుతుంది? 2018లో అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీ వాళ్లు కలరా బ్యాక్టీరియా మీద దీన్ని మైక్రోస్కోపులో వీడియో తీశారు. కణం మీది సన్నటి తీగకీ, డీఎన్ఏకీ మెరిసే రంగులు వేశారు. ఆ తీగ పేరు పైలస్. తీగ బయటికి సాగుతుంది, దాని కొన డీఎన్ఏకి తగులుతుంది, అంతే, నూతిలోంచి చేద లాగినట్టు వెనక్కి వచ్చేస్తుంది. తీగ వచ్చిపోయే రంధ్రం ఎంత ఇరుకంటే, డీఎన్ఏ పోగు మడతపడి దూరడానికి బొటాబొటీగా సరిపోతుంది. పైపొర దాటాక లోపలున్న ప్రోటీన్లు అందుకుని లాగుతాయి. లోపలి పొర దగ్గర జంటపోగు విడిపోతుంది. ఒక్క పోగే లోపలికి వెళుతుంది. తన డీఎన్ఏలో దానికి పోలిక కుదిరిన చోటు దొరికితే అక్కడ అతుక్కుంటుంది.

ఇవి ఎప్పుడు పడితే అప్పుడు ఈ పని చెయ్యవు. కలరా బ్యాక్టీరియాకి రొయ్య డిప్పల్లోనూ పీత డిప్పల్లోనూ ఉండే కైటిన్ తగిలితేనే ఈ ఏర్పాటు మొదలవుతుంది. పక్కనున్న బ్యాక్టీరియాని పొడిచి చంపే ఆయుధాన్ని కూడా అదే సమయంలో బయటికి తీస్తుంది. చచ్చిన కణంలోంచి కారిన డీఎన్ఏని లాక్కుంటుంది. ఇది తిండి కోసమా, మరమ్మతు కోసమా, కొత్త జన్యువుల కోసమా అని శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. నాకైతే మూడూ ఉన్నాయనిపిస్తుంది.

న్యూమోకాకస్ సంగతి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే మనల్ని తాకేది ఇక్కడే. పెన్సిలిన్ వెళ్లి పట్టుకునే ప్రోటీన్లు కొన్నున్నాయి. పెన్సిలిన్‌కి లొంగని న్యూమోకాకస్‌లో ఆ ప్రోటీన్ల జన్యువులని చదివి చూస్తే, అవి అమ్మమ్మ కుట్టిన బొంతలా కనిపించాయి. కొంత మేర సొంత గుడ్డ, మధ్యమధ్య పరాయి ముక్కలు. ఆ ముక్కల్లో కొన్ని స్ట్రెప్టోకాకస్ మైటిస్ అనే దగ్గరి చుట్టానివి. అది మన నోట్లో, గొంతులో మామూలుగా ఏ హానీ చెయ్యకుండా బతికేది. మనం ఏ జ్వరానికో యాంటీబయాటిక్ మింగినప్పుడల్లా ఆ మందు దానికీ తగులుతుంది. తట్టుకున్నవి మిగులుతాయి. వాటిలో ఒకటి చచ్చి, దాని పోగు గొంతులో తేలుతూ ఉంటే, పక్కనే న్యూమోకాకస్ ఉంటుంది.

గ్లాసులోని పోగుల్ని దగ్గరగా చూడాలనుకునే పిల్లలు ముందుకి రండి. పుల్లని మెల్లగా, ఒకే వైపుకి తిప్పండి, తెగిపోకుండా వస్తుంది.