పద్దెనిమిది నిండేదాకా ఏం చేద్దాం?

(పదో తరగతి ముగించిన విద్యార్థుల కోసం, తల్లిదండ్రుల కోసం కావలిలో చేసిన ప్రసంగం)

అమ్మలకు, అయ్యలకు, పిల్లలకు నమస్కారం.

"పది అయిపోయింది. ఇంకా చదివించమంటారా, పనిలో పెట్టమంటారా?" ఫలితాలొచ్చిన వారంలో ఎక్కడ విన్నా ఇదే మాట. ముందు వయసు చూడండి. పది ముగిసేసరికి పిల్లలకు పదిహేనో, పదహారో. గనుల్లో 18 నిండనివాళ్లను పెట్టడం బాలకార్మిక చట్టం కింద నేరం. అంటే చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పని ఇస్తామన్నా పంపకూడదు. మిగతా ఫ్యాక్టరీలూ చాలావరకు 18 నిండాకే తీసుకుంటాయి. ఈలోపు దొడ్డిదారిన చేరిన పిల్లవాడి పేరు రిజిస్టరులో ఎక్కదు, పీఎఫ్ (భవిష్యనిధి) కట్టరు, చెయ్యి నలిగితే వైద్యం చేయించే ఈఎస్ఐ బీమా కార్డూ ఉండదు. కాబట్టి మనం తేల్చుకోవాల్సింది ఈ రెండు మూడేళ్ల సంగతి.

త్వరగా సంపాదన కావాల్సిన ఇంటికి నేను ముందు చెప్పేది ఐటీఐ, అంటే చేతిపని నేర్పే పారిశ్రామిక శిక్షణ సంస్థ. పదో తరగతి మార్కులతోనే సీటు. వెల్డర్ ట్రేడు ఏడాది, ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు. ఏడాదిలో అయిపోతుందని వెల్డర్‌లో చేరితే పదహారో, పదిహేడో ఏటే సర్టిఫికెట్ చేతికొస్తుంది, పనిచ్చేవాళ్లు మాత్రం ఉండరు. రెండేళ్ల ట్రేడు చేసి, ఆపైన నెలనెలా స్టైపెండ్ ఇస్తూ కంపెనీలో పని నేర్పే అప్రెంటిస్‌షిప్‌లో చేరితే వయసు సరిగ్గా కలిసొస్తుంది. చేరేముందు ఆ ట్రేడుకు ఎన్‌సీవీటీ (జాతీయ వృత్తి శిక్షణ మండలి) గుర్తింపు ఉందో లేదో అడగండి. ఆఫీసు గదిలో కూర్చోకుండా వర్క్‌షాపులోకి వెళ్లండి. వెల్డింగ్ బూత్ నేల మీద కాలిన రాడ్ ముక్కలు, అతుకు మీంచి రాలిన స్లాగ్ పెంకులు కనపడాలి. నేల అద్దంలా మెరుస్తుంటే అక్కడ పిల్లలు రాడ్ పట్టుకున్నది అనుమానమే.

లెక్కల్లో గట్టివాళ్లకు పాలిటెక్నిక్. దాని ప్రవేశ పరీక్ష పాలిసెట్ 120 మార్కులకు, డిప్లొమా మూడేళ్లు. ముగిసేసరికి 18 దాటుతుంది, ఉద్యోగానికి వెళ్లొచ్చు. చదవాలనిపిస్తే ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదిలోకి పోవచ్చు. రెండు తలుపులూ తెరిచి ఉండే చదువు ఇదొక్కటేనని నా లెక్క. దెబ్బతినేది మొదటి ఏడాది మ్యాథ్స్‌లో. అది తప్పి బ్యాక్‌లాగ్ పడితే చివరిదాకా వెంటాడుతుంది. కౌన్సెలింగ్‌లో నాలుగైదు ఆప్షన్లు పెట్టి ఊరుకుంటే సీటు చేజారుతుంది. వెళ్లగలిగిన కాలేజీలన్నీ, ఎక్కువ ఇష్టమైనది ముందు వచ్చేలా వరుసగా పెట్టండి.

ఇంటర్ సంగతి: తర్వాత డిగ్రీయో, ఇంజనీరింగో చేయించే స్తోమత ఉంటేనే. దాంతో ఆపేస్తే చేతికి పని రాదు. ఒంగోలు ట్రిపుల్ ఐటీ ఆరేళ్ల కోర్సు, అంతకాలం ఆగగల ఇంటికే.

18 నిండాక జీతం మాట. "నెలకు 15,000" అన్నారనుకోండి. అందులో మూల వేతనం (బేసిక్) 12,000 అయితే అందులో 12 శాతం, అంటే 1,440 పీఎఫ్‌కు పోతుంది. మొత్తం 15,000 మీద 0.75 శాతం, అంటే 113 ఈఎస్ఐకి. చేతికొచ్చేది 13,447. యజమాని కట్టాల్సిన పీఎఫ్ వాటాను కూడా ఆ 15,000లోనే కలిపి చెప్పే కాంట్రాక్టర్లున్నారు, అప్పుడు ఇంకా తగ్గుతుంది. శ్రీసిటీ ఫ్యాక్టరీలైనా, కృష్ణపట్నం ఓడరేవైనా "చేతికెంత, గది ఎవరిది, బస్సు ఎవరిది, పేస్లిప్ ఎవరి పేరు మీద" అని నాలుగూ అడగండి. పేస్లిప్ కాంట్రాక్టర్ పేరు మీదుంటే మీరు కంపెనీ మనిషి కాదు.

పది మార్కులను తేలిగ్గా తీసుకోవద్దు. పోస్టాఫీసు గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగానికి పరీక్ష లేదు, పది మార్కులే మెరిట్. సైన్యంలో అగ్నివీర్ జనరల్ డ్యూటీకి పదిలో మొత్తం 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 ఉండాలి. అయితే అది నాలుగేళ్ల కొలువు, ఆ తర్వాత ఉంచుకునేది 25 శాతం మందినే.

ఇవాళ ఇంటికెళ్లగానే పది మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంటిపేరు ఒకదాంట్లో పొడి అక్షరం, ఇంకోదాంట్లో పూర్తిగా ఉన్నా, పుట్టిన తేదీ ఒక్క రోజు తేడా ఉన్నా పీఎఫ్ ఖాతా దగ్గర పని ఆగిపోవచ్చు. మెమో ప్రకారం ఆధార్ మార్పించుకోండి. ఇప్పుడైతే సెలవులు, తీరిక ఉంది.