ముందు ప్రశ్న అర్థం కావాలి

సభకు నమస్కారం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల సోషల్ టీచర్లతో మాట్లాడే అవకాశం దొరకడం నాకు చాలా సంతోషం.

పాఠం రాక మార్కులు పోగొట్టుకునే పిల్లల కంటే ప్రశ్న అర్థంకాక పోగొట్టుకునేవాళ్లే ఎక్కువని నా నమ్మకం. "సారా వ్యతిరేక ఉద్యమం నెల్లూరు జిల్లాలోనే ఎందుకు మొదలైంది?" అని అడిగి చూడండి. 1992, దూబగుంట ఊరు, ఉద్యమంలో ముందు నిలిచిన రోశమ్మ అని మొదలుపెట్టి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చేదాకా గబగబా రాసేస్తారు. అందులో ఒక్క తప్పూ ఉండదు. కానీ అదంతా ఏం జరిగిందో చెప్పడమే. అడిగింది ఎందుకని, అదీ ఇక్కడే ఎందుకని. కూలి డబ్బులు సారా కొట్టుకు పోవడం, ఇంటికొచ్చి ఆడవాళ్లను కొట్టడం అన్ని జిల్లాల్లోనూ ఉన్నవే కదా! పిల్లల్ని అక్కడ ఆపాలి. "మరి ఇక్కడ అదనంగా ఏముంది?" అని అడిగి, కాసేపు మనం నోరు మెదపకుండా ఉండాలి. అప్పుడు అక్షరాస్యత ఉద్యమం గుర్తొస్తుంది. రాత్రి బడిలో ఆడవాళ్లు ఒకచోట కూర్చున్నారు, సారా గురించి పాఠం చదివారు, ఎవరింటి గొడవ వాళ్లదే అనుకున్నది ఊరందరిదీ అని అక్కడే తెలుసుకున్నారు. జవాబు రాసే ముందు ప్రశ్నను సొంత మాటల్లో చెప్పమనండి. "పక్క జిల్లాలో లేనిది ఇక్కడేముందని అడుగుతున్నారు సార్" అని ఒక అమ్మాయి అందంటే, ఇక ఆ జవాబు గురించి మనకు టెన్షన్ అక్కర్లేదు.

మతం దగ్గరకొస్తే మనమే తడబడతాం. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎందుకు? కరువు వల్ల అని ఒకడు, విశ్వాసం వల్ల అని ఇంకొకడు రాస్తారు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లే. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ కరువు రోజుల్లో బకింగ్‌హామ్ కాలువ పనులు ఇప్పించాడు, అయితే సాయం అందుతున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు, ఊరి బయట బతుకు వాళ్లది. ఇవన్నీ ముందుంచితే, ఒకే కారణం రాసి ముగించలేమని పిల్లలకే తెలుస్తుంది. ఏ ఇంటి పిల్లవాడి మనసూ నొప్పించనక్కర్లేదు.

నెల్లూరు రొట్టెల పండుగ సంగతీ అంతే. బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో ఇంకొకరిచ్చే రొట్టె పట్టుకుంటే కోరిక తీరుతుందా అని అడిగితే అవుననీ కాదనీ చెప్పడం మన క్లాసు పని కాదు. "భక్తులు అలా నమ్ముతారు" అని రాయడం నేర్పాలి. ఆ అమరవీరుల దర్గాకు మొహరం నెలలో హిందూ కుటుంబాలు కూడా ఎందుకొస్తున్నాయో మాత్రం తప్పకుండా అడగాలి. స్వర్ణాల చెరువు గట్టున నాలుగు కుటుంబాలతో మాట్లాడి రమ్మంటే పిల్లలు ఉత్సాహంగా వెళ్తారు.

భోజనాలయ్యాక పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని కూర్చుందాం. జవాబుల జోలికి పోవద్దు. ఒక్కో ప్రశ్న అసలు ఏం అడుగుతోందో, ఎదురుగా తొమ్మిదో తరగతి పిల్లవాడు ఉన్నట్టే ఒకరికొకరం చెప్పుకుందాం.