మెరీనాలో ప్రాణం తీసేది పెద్ద అల కాదు!

నమస్కారం అండి. చెన్నై మెరీనా బీచ్‌లో ఎవరో కొట్టుకుపోయారని వార్త వస్తే చాలు, కింద అవే కామెంట్లు. "రాకాసి అల లాక్కెళ్లింది", "అడుగున సుడిగుండం ఉంది", "సముద్రం బలి కోరింది". చదువుతుంటే ఒళ్లు మండుతోంది! గట్టిగా చెప్తున్నా వినండి: అలలు విరగని చోటే అసలు ప్రమాదం.

అల విరిగినంత మాత్రాన దాని ఊపు పోదు, నీళ్లను ఒడ్డుకు నెడుతుంది. 1960లలోనే లాంగ్వెట్-హిగ్గిన్స్, స్టువర్ట్ అనే శాస్త్రవేత్తలు లెక్కలు కట్టి మరీ చూపించారు. అలా ఒడ్డున పెరిగిన నీళ్లు మళ్లీ వెనక్కి పోవాలిగా? నీళ్ల కింది ఇసుక దిబ్బకి గండి ఉన్న చోటికి చేరి, అందులోంచి సముద్రం లోపలికి దూసుకుపోతాయి. అదే రిప్ కరెంట్. అక్కడ లోతెక్కువ, అందుకే అల విరగదు. అటూ ఇటూ తెల్లటి నురగ, మధ్యలో ముదురు రంగు నీళ్లు. చూడ్డానికి ప్రశాంతంగా ఉంటుంది. తిరుపతి దర్శనం చేసుకుని ఇటొచ్చిన మనవాళ్లు పిల్లల్ని పట్టుకుని సరిగ్గా అక్కడే దిగుతారు!

రిప్ కరెంట్ ఉధృతంగా ఉంటే దాని వేగం సెకనుకు 2 మీటర్ల దాకా ఉంటుంది. అంటే 100 మీటర్లు 50 సెకన్లలో! ఒలింపిక్ ఈతగాళ్ల వేగం అది. దానికి ఎదురీదుతారా? అది మనిషిని కిందికి లాగదండీ, లోపలికి తీసుకెళ్తుంది. ఎదురీది అలిసిపోయి మునిగిపోతారు. తేలుతూ ఉండండి, చెయ్యి ఊపండి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి.

అన్నట్టు, అంత పెద్ద మెరీనా ఎలా వచ్చిందనుకున్నారు? ఏటవాలుగా వచ్చే అలలు ఒడ్డు వెంబడి పుట్టించే మరో ప్రవాహం ఇసుకని ఉత్తరానికి మోస్తుంది. హార్బర్ గోడ అడ్డం కట్టేసరికి దక్షిణాన ఇసుక మేట వేసింది, అవతల రాయపురం వైపు తీరం కోసుకుపోయింది. అలలు పుట్టించే ప్రవాహాల బలం అది, వాటికి మనిషి ఒక లెక్కా?

బెసెంట్ నగర్ బీచ్‌లో ష్మిట్ స్మారకం ముందు అందరూ ఫొటోలు దిగుతారు. 1930 డిసెంబరు 30న ఇతరుల్ని కాపాడబోయి మునిగిపోయిన నావికుడాయన. కాబట్టి ఆవేశంగా దూకకండి, ముందు తేలేదేదైనా విసరండి.

నా వాదన ఒక్కటే. బీచ్ మొత్తానికి విజిల్ వేస్తే జనం వినరు. గండ్లు చోటు మారతాయి కాబట్టి రోజూ పొద్దున్నే చూసి, సరిగ్గా అక్కడ ఎర్రజెండా పాతండి. పక్కన తెలుగులో కూడా బోర్డు పెట్టండి. ఈ ఆదివారం మెరీనాకి వెళ్లేవాళ్లు నీళ్లలో దిగకుండా అల విరగని చోటు ఫొటో తీసి కామెంట్లలో పెట్టండి.