పేలే టార్గెట్: పేలుడు కంటే దాని చుట్టూ ఉన్నదే ముఖ్యం

యాంకర్: నమస్కారం. అమెరికాలోని రేంజ్‌లలో, అంటే తుపాకీ కాల్పులు సాధన చేసే చోట్ల, రైఫిల్ గుండు తగలగానే పెద్ద చప్పుడుతో తెల్లని పొగ లేపే టార్గెట్ల మీద ఇవాళ్టి చర్చ. రేంజ్ ఆఫీసర్ గారూ, అసలు ఇవి ఎందుకు?

రేంజ్ ఆఫీసర్: దూరాన ఉన్న టార్గెట్‌కి గుండు తగిలిందో లేదో బైనాక్యులర్స్ లేకుండానే తెలుస్తుంది, అంతే. పేలే మిశ్రమాన్ని రెండు భాగాలుగా అమ్ముతారు. విడిగా ఉన్నంతసేపు అవి పేలుడు పదార్థం కింద లెక్క కాదు, కలిపాక లెక్కే. కింద పడితేనో, పిస్టల్ గుండు తగిలితేనో పేలదని ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. అది చదివి జనం ధైర్యంగా దగ్గర నిలబడతారు. నన్నడిగితే అసలు ప్రమాదం ఆ ధైర్యమే.

యాంకర్: ఎంత దూరంలో ఉండాలి?

కోచ్: ఒక పౌను (దాదాపు 450 గ్రాములు) టార్గెట్‌కి తయారీదారులు కనీసం 100 గజాలు అంటారు. అంతకంటే తగ్గకూడదు. మోతాదు పెరిగితే దూరమూ పెరగాలి. చెవులకూ కళ్లకూ రక్షణ కాల్చేవాళ్లకే కాదండీ, చూసేవాళ్లకూ ఉండాలి.

రేంజ్ ఆఫీసర్: దూరం సరిపోయినా దేనిలో పెట్టారన్నది ఇంకా పెద్ద విషయం. ఇనుప డబ్బా, పాత ఫ్రిజ్, కారు, గాజు సీసా, వీటిలో పెడితే పేలుడు వాటిని ముక్కలు చేసి విసురుతుంది. 2016లో జార్జియాలో ఒకాయన గడ్డి కోసే యంత్రంలో 3 పౌన్లు పెట్టి 40 గజాల పైచిలుకు దూరం నుంచి కాల్చాడు. ఎగిరొచ్చిన లోహపు ముక్క మోకాలి కింద కాలు తెగ్గొట్టింది. కంకర మీద పెట్టినా అంతే, ఆ రాళ్లే తుపాకీ గుండ్లలా ఎగురుతాయి. మెత్తని మట్టి నేల కావాలి, వెనక మట్టి గట్టు ఉండాలి.

ఫైర్ ఆఫీసర్: మట్టి నేల అని సార్ అన్నారు కదా, నా కారణం వేరు. ఎండుగడ్డి. 2017 ఏప్రిల్‌లో అరిజోనాలో బిడ్డ ఆడో మగో ప్రకటించే వేడుకలో పేల్చిన టార్గెట్‌తో సామిల్ ఫైర్ అనే కార్చిచ్చు మొదలైంది. దాదాపు 47,000 ఎకరాలు కాలాయి. కాల్చినవాడికి ప్రొబేషన్‌తో పాటు 80 లక్షల డాలర్లకు పైగా కట్టమని తీర్పు. 2013లోనే అటవీ శాఖ కొలరాడో, వయోమింగ్ వంటి రాష్ట్రాలున్న రాకీ మౌంటెన్ ప్రాంతపు జాతీయ అడవుల్లో వీటిని నిషేధించింది. గాలి ఉన్న రోజు, నిప్పు హెచ్చరిక ఉన్న రోజు వద్దే వద్దు. తక్కిన రోజుల్లో కూడా గడ్డి లేకుండా గీకిన నేల, దగ్గర్లో నీళ్లు, పారలు ఉండాలి. పేల్చాక వెంటనే వెళ్లిపోకుండా పొగ కోసం కాపలా కాయాలి.

యాంకర్: గుండు తగిలినా పేలకపోతే?

కోచ్: అక్కడే తొందరపడతారు. దగ్గరికి పోకూడదు, చేత్తో ముట్టకూడదు. అదే చోటి నుంచి మళ్లీ కాల్చాలి. అప్పటికీ పేలకపోతే రేంజ్ ఆఫీసర్‌కి చెప్పి, లైన్ (కాల్చేవాళ్లు నిలబడే వరుస) అంతా కాల్పులు ఆపి, ప్యాకెట్ మీద తయారీదారు రాసింది పాటించాలి.

రేంజ్ ఆఫీసర్: సగం వాడి మిగిలింది ఇంటికి తీసుకుపోయేవాళ్లూ ఉన్నారండీ! కలిపినదాన్ని రోడ్డు మీద తీసుకెళ్లడం, దాచడం ఫెడరల్ పేలుడు పదార్థాల నిబంధనల కిందికి వస్తాయి. అందుకే ఆ పూట వాడేంత మాత్రమే, ఆ పూట, అక్కడే కలపాలి. కలిపే ముందు కాల్పులన్నీ ఆపి, రైఫిళ్లు ఖాళీ చేసి బోల్ట్ (గుండు పెట్టే చోటిని మూసే భాగం) తెరిచి బెంచి మీద పెట్టాలి. టార్గెట్ దగ్గరికి ఒక్కరే వెళ్లాలి. వాళ్లు వెనక్కి వచ్చి లైన్ వెనక నిలబడేదాకా ఎవరూ రైఫిల్ ముట్టకూడదు.

యాంకర్: ఇండోర్ రేంజ్‌లో?

రేంజ్ ఆఫీసర్: ససేమిరా. ఆరుబయట రేంజ్‌లు కూడా చాలావాటిలో చప్పుడు గొడవతో అనుమతి లేదు. ప్యాకెట్ కొనే ముందే రేంజ్‌ని అడగండి. ఆ రాష్ట్ర చట్టం కూడా చూసుకోండి, కొన్నిచోట్ల కలపడానికే అనుమతి కావాలి.