రాసినవారి మాటతో వెతకాలి

శ్రోతలకు నమస్కారం.

మా అమ్మమ్మ భోషాణం అడుగున ఒక పాత దుప్పటి ఉండేది. ఎర్రని పువ్వులు, నల్లని గీతలు, అక్కడక్కడ వెలిసిపోయిన నీలం. ఆవిడ దానిని ఒక్కనాడూ కలంకారీ అనలేదు. తీరిగ్గా ఉంటే ‘బందరు అద్దకం’ అనేది, తొందరలో ఉంటే వట్టి ‘చీటిగుడ్డ’ అనేది. ఆ దుప్పటి ఇప్పుడు మా ఇంట్లో లేదు, ఏమైందో ఎవరూ చెప్పలేరు. కాని దాని చుట్టాలు లండన్‌లోనూ, న్యూయార్క్‌లోనూ, ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ మ్యూజియం పెట్టెల్లో భద్రంగా ఉన్నాయని తెలిసి, వాటిని కంప్యూటర్ ముందు కూర్చుని ఆ మ్యూజియంల జాబితాల్లో వెతకడం మొదలుపెట్టాను. ఆ వెతుకులాటలో నేర్చుకున్న ఒకే ఒక సంగతిని ఈ కొద్ది నిమిషాల్లో మీకు చెప్పాలని నా కోరిక. మన మాటతో కాదు, రాసినవారి మాటతో వెతకాలి.

ముందుగా ఈ జాబితా అంటే ఏమిటో ఒక్క ముక్కలో చెబుతాను. పెద్ద మ్యూజియంలు తమ దగ్గరున్న ప్రతి వస్తువుకూ ఒక నమోదు పుట రాసుకుంటాయి. పూర్వం అది దస్తరంలోనో అట్టముక్క మీదో ఉండేది, ఇప్పుడు ఇంటర్నెట్‌లో అందరికీ కనిపిస్తోంది. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో 15 లక్షలకు పైగా వస్తువులున్నాయి, గదుల్లో ప్రదర్శనకు పెట్టేవి వాటిలో కొద్దిభాగమే. అద్దకపు బట్టల విషయంలో ఇది మరీ నిజం, ఎందుకంటే వెలుతురు తగిలితే రంగు వెలుస్తుంది. అందుకని వాటిని మసక వెలుగులో కొద్ది నెలలు చూపించి మళ్ళీ చీకటి పెట్టెల్లోకి పంపిస్తారు. అంటే విమానం ఎక్కి వెళ్ళినా మీకు ఆ బట్ట కనిపిస్తుందన్న నమ్మకం లేదు. జాబితాలో మాత్రం అర్ధరాత్రి అయినా కనిపిస్తుంది.

ఇక నా అనుభవం. మెట్రోపాలిటన్ మ్యూజియం జాబితాలో మొదట ‘బందరు’ అని కొట్టాను. పనికివచ్చేది ఏదీ రాలేదు. ‘మచిలీపట్నం’ అని నేటి వర్ణక్రమంతో కొట్టాను, ఆశించినంత రాలేదు. తర్వాత ‘కలంకారీ’ అన్నాను. అప్పుడు దొరికింది ఒక రుమాలు. దాని సంఖ్య 28.159.1. చేతి రుమాలు అనుకునేరు, అది కానుకల మీదా పళ్ళేల మీదా కప్పే గుడ్డ, 17వ శతాబ్దపు గోల్కొండ రాజ్యకాలం నాటి పనితనం. అది ఏ విభాగంలో ఉందో చూడండి: ఇస్లామిక్ కళల విభాగంలో. భారతీయ కళ అన్న అరలో మాత్రమే వెతికేవారికి అది ఎదురుపడదు. అందుకని మొదటి వెతుకులాటలో విభాగం అన్న గడిని ఖాళీగా వదిలెయ్యడమే మేలని నా అభిప్రాయం.

ఆ పుటలో నన్ను కట్టిపడేసింది బొమ్మ కాదు, బొమ్మ పక్కన పదార్థం గురించి రాసిన చిన్న వాక్యం. నూలు బట్ట, సాదా నేత, మోర్డెంట్‌తో చిత్రించి అద్దినది, రెసిస్ట్ పద్ధతిలో రంగు వేసినది అని అక్కడ ఉంటుంది. పొడి పొడి మాటలు. కాని పెడనలోనో శ్రీకాళహస్తిలోనో ఈ పనిని ఒక పూట కూర్చుని చూసినవారికి ఆ వాక్యం వెనుక ఒక వాకిలి, నాలుగు గాబులు, పారే కాలవ కనిపిస్తాయి. బట్టను ముందు కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఎండబెడతారు. తుప్పుపట్టిన ఇనుమునూ బెల్లాన్నీ నీళ్ళలో ఊరబెడతారు. మొన తీసిన వెదురుపుల్లకు గుడ్డపీలిక చుట్టి, ఆ నీటిలో ముంచి గీత గీస్తే, కరక్కాయ తగిలిన చోట అది చూస్తుండగానే నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట ఎర్రరంగు పూయరు, శ్రోతలారా, ఇక్కడే ఉంది తమాషా అంతా. అక్కడ పటిక నీళ్ళు మాత్రమే పూస్తారు. ఆ తర్వాత బట్టనంతా చిరివేరు వేసిన నీళ్ళలో ఉడికిస్తే, పటిక ఉన్న చోట మాత్రమే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది, మిగిలిన చోట ఉతుకులో పోతుంది. రంగును బట్టకు పట్టించే ఈ పటిక నీళ్ళే ఆ పుటలోని మోర్డెంట్. ఇక నీలం: నీలం అక్కరలేని చోటంతా మైనం పూసి బట్టను నీలిమందు తొట్టిలో ముంచుతారు. మైనం ఉన్నచోట నీలం ఎక్కదు. ఆ పుటలోని రెసిస్ట్ ఇదే. రెండు మాటల్లో రెండు వారాల పని.

ఆ రెండు మాటలనే తీసుకుని మళ్ళీ వెతుకు గడిలో వేశాను. అప్పుడు తెరుచుకుంది తలుపు. కలంకారీ అన్న పేరు లేకుండా, ఇదే పద్ధతిలో, ఇదే తీరంలో తయారైన బట్టలు ఒకదాని వెంట ఒకటి రాసాగాయి. వాటి పుటల్లో వేరే పేర్లున్నాయి. దయచేసి కాగితం, కలం దగ్గర పెట్టుకోండి, అక్షరాలు చెబుతాను. మొదటిది పాలంపోర్: పి, ఎ, ఎల్, ఎ, ఎం, పి, ఓ, ఆర్, ఇ. హిందీ, పర్షియన్ మాటలు కలిసిన పలంగ్‌పోష్ అంటే మంచం మీది దుప్పటి, అది పడమటి వర్తకుల నోట నలిగి ఇలా అయింది. రెండవది చింట్జ్: సి, హెచ్, ఐ, ఎన్, టి, జెడ్. మా అమ్మమ్మ ‘చీటిగుడ్డ’ అన్నదే ఈ చింట్జ్ అని తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. డచ్చివారికి అది సిట్స్: ఎస్, ఐ, టి, ఎస్. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం జాబితాలో ఈ చిన్న మాట వేసి చూడండి.

ఇన్ని పేర్లు ఎందుకంటే, డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నంలో దిగి కొనుగోళ్ళు మొదలుపెట్టినప్పుడు, సరుకును తమ నోటికి వచ్చిన పేరుతో లెక్కలో రాసుకున్నారు. ఈ బట్టలు తమ నేతగాళ్ళ కడుపు కొడుతున్నాయని ఫ్రాన్స్ 1686 నుంచి 1759 దాకా వాటిని నిషేధించింది కూడా. లెక్కలో రాసిన ఆ పేరే మ్యూజియం పుటలోకి వచ్చింది. ఊరు పేరు సంగతీ అంతే. మచిలీపట్నాన్ని వారు మసులిపటం అన్నారు: ఎం, ఎ, ఎస్, యు, ఎల్, ఐ, పి, ఎ, టి, ఎ, ఎం. టి తర్వాత ఒక ఎన్ చేరిస్తే మరో వర్ణక్రమం. చాలా పుటల్లో ఊరే ఉండదు, కోరమాండల్ తీరం అని మాత్రమే ఉంటుంది. కలంకారీని కొందరు కె తోనూ, కొందరు క్యూ తోనూ రాస్తారు. కంప్యూటర్ అక్షరాలను పోలుస్తుంది. ఈ పేర్లన్నీ ఒకే ఊరివని ఎవరో ఒకరు ముందుగా ముడివేసి ఉంచితే తప్ప దానికి తెలియదు.

కాబట్టి మళ్ళీ చెబుతున్నాను. ఒక్క వస్తువు దొరికేదాకా మీకు తోచిన మాటతో వెతకండి. దొరికాక ఆ పుటను ఆసాంతం చదివి, అందులోని మాటలతో వెతకండి. రాసినవారి మాటతో వెతకాలి. ‘బొమ్మ ఉన్నవి మాత్రమే చూపించు’ అన్న గడిలో తొందరపడి టిక్కు పెట్టకండి, ఫొటో తీయని వస్తువులకూ పుటలుంటాయి.

ఇంకొకటి, సంఖ్యను రాసి పెట్టుకోండి. పుట చిరునామా మారవచ్చు, శీర్షిక మారవచ్చు, సంఖ్య మారడం అరుదు. పైగా అది మాట్లాడుతుంది. 28.159.1లో 28 అంటే 1928లో చేరిందని, 159 అంటే ఆ ఏటి 159వ జమ అని, 1 అంటే అందులో మొదటి వస్తువని అర్థం. చివరి అంకె మార్చి చూడండి, తోబుట్టువు పలుకుతుంది. బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి శిల్పాల సంఖ్యలు 1880,0709 అని మొదలవుతాయి, అంటే 1880 జూలై 9. ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ వాటిని తవ్వించినది 1845లో, అవి లండన్ చేరినది 1859లో. దస్తరం ఎక్కిన తేదీకీ, మన నేల విడిచిన తేదీకీ మధ్య ఉన్న ఆ ఎడం కూడా ఆ సంఖ్యను చదివితేనే తెలిసింది.

మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 ఫిబ్రవరిలో దాదాపు 3,75,000 బొమ్మలను ఎవరైనా ఎందుకైనా వాడుకోవచ్చని విడిచిపెట్టింది. పెడనలో కొత్త అచ్చు చెక్కించుకునేవారు వాటిని దించుకుని చూడవచ్చు. బ్రిటిష్ మ్యూజియం బొమ్మలు వ్యాపారానికి పనికిరావు, ఆ షరతు చదువుకోవాలి. మన దేశంలోనూ మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా అన్న పోర్టల్ ఉంది, సాలార్‌జంగ్ మ్యూజియం, నాగార్జునకొండ మ్యూజియం వస్తువులు అందులో చూడవచ్చు. ఆ పుటల్లో కరక్కాయ, చిరివేరు, అద్దకం అన్న మాటలు కూడా చేరిస్తే మా అమ్మమ్మలాంటివారు సైతం వెతకగలుగుతారని నాకనిపిస్తుంది.

సమయం అయిపోవచ్చింది. కాగితం తెచ్చుకోవడానికి ఆలస్యమైనవారి కోసం ఆ రుమాలు సంఖ్యను మరొక్కసారి చెబుతాను. ఇరవై ఎనిమిది, చుక్క, నూట యాభై తొమ్మిది, చుక్క, ఒకటి.