రాణి శవపేటిక మీద మిర్టిల్ రెమ్మ

నమస్కారం. ఎర్ర గులాబీ అంటే ప్రేమ, తెల్ల లిల్లీ అంటే స్వచ్ఛత, పసుపు గులాబీ అంటే స్నేహం. ఇలా బొకేలో ఏ పువ్వుకు ఏ అర్థమో ఒక పట్టిక చేసి పెట్టమని మీలో చాలామంది అడుగుతున్నారు. రాయడానికి కూర్చున్నాను. సగం రాశాక చింపేశాను. ఎందుకు చింపానో చెప్పాలంటే మీకు ఒక పూల అమరికను చూపించాలి.

2022 సెప్టెంబర్ 19. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబీలో రెండో ఎలిజబెత్ రాణి అంత్యక్రియలు. శవపేటిక మీద కిరీటం ఉంది, రాజదండం ఉంది. వాటి నడుమ కొన్ని పూలు. అందరి చూపూ కిరీటం మీదే ఉండి ఉంటుంది. నేను మాత్రం ఆ పూలనే చూస్తూ ఉండిపోయాను. బంగారు రంగు, గులాబీ రంగు, ముదురు ద్రాక్ష రంగు, అక్కడక్కడ కాస్త తెలుపు. గులాబీలు, డాలియాలు, హైడ్రాంజియాలు, స్కేబియస్ పూలు. కొడుకు చార్లెస్ కోరిక మేరకు వీటిని బకింగ్‌హామ్ ప్యాలెస్, క్లారెన్స్ హౌస్, హైగ్రోవ్ తోటల నుంచి కోసుకొచ్చారు. పూలు గుచ్చడానికి దుకాణాల్లో వాడే పచ్చటి ఫోమ్ దిమ్మను కూడా వద్దన్నారు. నాచుతో, ఓక్ కొమ్మలతో గూడులా అల్లి అందులో అమర్చారు.

ఇప్పుడు వీటికి పట్టికలో అర్థాలు వెతుకుదాం. పూల భాష పేరుతో యూరప్‌లో పందొమ్మిదో శతాబ్దంలో ఎన్నో నిఘంటువులు వచ్చాయి. 1819లో పారిస్‌లో షార్లెట్ డి లాటూర్ అనే పేరుతో వచ్చిన పుస్తకం ఈ మోజును బాగా పెంచింది. ఇంగ్లండ్‌లో 1884లో కేట్ గ్రీన్‌అవే బొమ్మలతో వచ్చిన చిన్న పుస్తకాన్ని ఇప్పటికీ అచ్చు వేస్తూనే ఉన్నారు. అందులో హైడ్రాంజియాకు ఎదురుగా ఏమి ఉందో తెలుసా? గొప్పలు చెప్పుకునే మనిషి, హృదయం లేనితనం. డాలియాకు నిలకడలేనితనం. స్కేబియస్‌కు దురదృష్టపు ప్రేమ.

70 ఏళ్లు సింహాసనం మీద ఉన్న మనిషికి నిలకడలేనితనమా? 73 ఏళ్ల దాంపత్యం గడిపిన మనిషికి దురదృష్టపు ప్రేమా? తల్లి శవపేటిక మీద కొడుకు అలాంటి మాటలు రాయించాడా? లేదు. ఆ పూలను ఎవరూ అలా చదవలేదు, చదవకూడదు కూడా. అవి ఆమె బతికిన ఇంటి ముంగిట, కొడుకు పెంచుకున్న తోటలో ఆ సెప్టెంబర్‌లో పూసిన పూలు. వాటి అర్థం అదే. నా చేతిలోని పట్టిక అక్కడే చిరిగిపోయింది.

అయితే ఆ అమరికలో మాట చెప్పించడానికే పెట్టినవి కూడా ఉన్నాయి. అవి పూలు కావు, ఆకులు. జ్ఞాపకానికి రోజ్‌మేరీ. ప్రేమ బలానికి ఓక్. మూడోది మిర్టిల్. ఈ మూడోదాని కోసమే నేను ఈ వీడియో చేస్తున్నాను.

మిర్టిల్ అంటే సన్నని, నునుపైన ఆకులతో, తెల్లని చిన్న పూలతో ఉండే గుబురు మొక్క. మధ్యధరా సముద్ర తీరాల్లో సహజంగా పెరుగుతుంది. గ్రీకులు దీన్ని ప్రేమ దేవత ఆఫ్రొడైట్‌కు అంకితం చేశారు. మన పెరట్లోని జామ, దారి పక్కన నేరేడు, వంటింట్లో లవంగం అన్నీ దీని కుటుంబమే. జామాకును వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడండి, సన్నని చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె గ్రంథులు. మిర్టిల్ ఆకులోనూ అవే చుక్కలు ఉంటాయి, నలిపితే ఘుమఘుమలాడుతుంది.

1845లో విక్టోరియా రాణి జర్మనీలోని గోథాకు వెళ్లినప్పుడు, భర్త ఆల్బర్ట్ అమ్మమ్మ ఆమె చేతికి ఒక చిన్న పూలగుత్తి ఇచ్చింది. అందులో మిర్టిల్ రెమ్మ ఉంది. వాడిపోయాక పారేయాల్సిన రెమ్మ. కానీ దాన్ని ఐల్ ఆఫ్ వైట్ దీవిలోని ఆస్బోర్న్ హౌస్ తోటలో నాటించారు. అది వేరు పోసుకుంది. 1858లో విక్టోరియా పెద్ద కూతురు పెళ్లికూతురైనప్పుడు చేతి గుత్తిలో ఆ మిర్టిల్ రెమ్మ పెట్టారు. అప్పటి నుంచి ఆ రాజకుటుంబపు పెళ్లికూతుళ్ల గుత్తిలో మిర్టిల్ ఉండటం ఆనవాయితీ అయింది. 1947 నవంబర్‌లో ఎలిజబెత్ పెళ్లినాటి గుత్తిలోనూ ఉంది. ఆ గుత్తిలోని రెమ్మను కూడా నాటారు, అదీ బతికింది. ఆ మొక్క నుంచి కోసిన రెమ్మే దాదాపు 75 ఏళ్ల తర్వాత ఆమె శవపేటిక మీదికి చేరింది.

ఇది తెలిశాక నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. పెళ్లినాడు చేతిలో పట్టుకున్న రెమ్మ బిడ్డ, చివరి ప్రయాణంలో తోడు వెళ్లింది. మిర్టిల్ అంటే ప్రేమ అనో, సుఖమైన దాంపత్యం అనో ఏ పుస్తకమైనా ఒక్క ముక్కలో చెబుతుంది. ఈ బరువు మాత్రం ఆ ముక్కలో లేదు.

పుట్టింటి నుంచి మల్లె అంటు తెచ్చి అత్తవారింట్లో పాదు చేసిన ఆడవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు కదా. వాళ్లకు ఈ కథను విడమరచి చెప్పాల్సిన పని లేదు. బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లు ఎప్పుడైనా ఆస్బోర్న్ హౌస్‌కు వెళ్లి రండి, సందర్శకులను అనుమతిస్తారు.

పూలతో మాట చెప్పడానికి ఇంకో దారి ఉంది. పేరు. 2011 ఏప్రిల్ 29న ఎలిజబెత్ మనవడు విలియమ్‌ను పెళ్లాడినప్పుడు కేథరిన్ గుత్తిలో లిల్లీ ఆఫ్ ది వ్యాలీ, హయసింత్, ఐవీ, మిర్టిల్‌తో పాటు స్వీట్ విలియమ్ అనే పువ్వు కూడా ఉంది. వరుడి పేరే పువ్వు పేరు! ఆ గుత్తిలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. అన్నట్టు, లిల్లీ ఆఫ్ ది వ్యాలీ చూడటానికి ముత్యాల్లా ఉన్నా మొక్క మొత్తం విషం. పిల్లలకు, పెంపుడు జంతువులకు అందకుండా ఉంచాలి.

పేరుతో, ప్రాసతో అర్థం చెప్పడం చాలా పాత పద్ధతి. బ్రిటిష్ రాయబారి భార్యగా ఇస్తాంబుల్‌లో ఉన్న మేరీ వోర్ట్‌లీ మాంటేగు 1718లో రాసిన ఒక లేఖలో అక్కడి మాటలు లేని ప్రేమలేఖను వర్ణించింది. ఒక సంచిలో ముత్యం, లవంగం, సబ్బు, బొగ్గు, మిరియం లాంటి వస్తువులు. ఒక్కో వస్తువు పేరుకు ప్రాస కుదిరే ఒక చరణం ఉంటుంది. సంచి విప్పిన మనిషికి వస్తువు కనిపించగానే చరణం గుర్తొస్తుంది. యూరప్ ఆ ప్రాసను వదిలేసి పట్టికను మాత్రం తయారు చేసుకుంది.

ప్రాస మన భాషలోనూ ఉంది. రోజ్‌మేరీ అంటే జ్ఞాపకం అని వాళ్లు అంటారు. దాని చుట్టం మన దగ్గర ఉంది, తులసి కుటుంబంలోదే. కదంబం దండలో కనకాంబరాల మధ్య కనిపించే మరువం. ఆ పేరు మెల్లగా పలకండి. మరువం. మొక్క పేరూ అదే, మేము మిమ్మల్ని మరచిపోము అనే మాటా అదే. ఏ నిఘంటువూ అవసరం లేకుండా తెలుగువాళ్లందరికీ అర్థమయ్యే పూలగుత్తి భాష ఇది. బదిలీ మీద వెళ్తున్న ఉపాధ్యాయురాలికి, ఊరు మారుతున్న స్నేహితురాలికి ఇచ్చే బొకేలో జెర్బెరాలు, కార్నేషన్లు మీకు నచ్చిన రంగుల్లో పెట్టించండి. మధ్యలో నాలుగు మరువం రెమ్మలు మీరే గుచ్చండి.

ఫ్రాన్స్‌లో, ఇటలీలో ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త. చామంతులు మనకు పూజకూ పేరంటానికీ పనికొచ్చే పూలు. అక్కడ సమాధుల మీద ఉంచే పూలు. నవంబర్ మొదట్లో దుకాణాల నిండా కనిపిస్తాయి, అందంగానే ఉంటాయి, కానీ భోజనానికి పిలిచిన ఇంటికి పట్టుకెళ్లకండి.

మరువం గురించి ఒక్క మాట చెప్పి ఆపుతాను. కోసిన రెమ్మ ఎండలో త్వరగా వడలిపోతుంది. కాడ చివర తడి దూది చుట్టి పైన చిన్న ప్లాస్టిక్ కవరు కట్టండి. ఇచ్చేటప్పుడు, కింది ఆకులు తుంచి నీళ్లలో పెడితే వేళ్లు వస్తాయని, కుండీలో నాటుకోమని కూడా చెప్పండి.