చప్పుడు లేని ఇంజన్‌ని విప్పించాలా?

(అమెరికాలోని తెలుగువాళ్ల కోసం ఆదివారం ఉదయం వచ్చే కార్ల ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి. సలహాలిచ్చే మెకానిక్ విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుని, ఇప్పుడు టెక్సస్‌లో సొంత షాపు నడుపుతున్నారు.)

యాంకర్: ఫ్రిస్కో నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. నమస్తే అండి, చెప్పండి.

కాలర్: నమస్తే అండి. అన్నా, నమస్తే. నాది 2009 బీఎండబ్ల్యూ ఎం3, ఈ92 కూపే. నాలుగు నెలల క్రితం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 78 వేల మైళ్లు తిరిగింది. బండి బాగుంది, కంప్లయింటేమీ లేదు. కానీ ఎవరికి చూపించినా మొదటి మాట, రాడ్ బేరింగులు మార్పించావా అని. ఒక షాపులో 3,200 డాలర్లు చెప్పారు. మా ఆవిడేమో, ఏ చప్పుడూ లేని ఇంజన్‌ని డబ్బిచ్చి మరీ విప్పించడమేంటి అంటోంది. నాకు రెండు వైపులా నిజమే అనిపించి టెన్షన్ పట్టుకుంది.

మెకానిక్: అమ్మాయి అడిగింది న్యాయమైన ప్రశ్నే తమ్ముడూ. మా మేస్త్రి కూడా ఆడుతున్న ఇంజన్ జోలికి పోవద్దురా అనేవాడు. లారీలకి ఆ మాట సరిపోతుంది. లారీ ఇంజన్ ముందు ఆయిల్ ప్రెషర్ తగ్గించి, తర్వాత చప్పుడు చేసి, నాలుగు రోజులు టైమిచ్చి చెడుతుంది. నీ బండిలో ఉన్న ఎస్65 ఇంజన్ అలా కాదు. నాలుగు లీటర్ల వీ8, నిమిషానికి 8,400 చుట్ల దాకా తిరుగుతుంది. అంటే సెకనుకి 140 చుట్లు. అందులో బేరింగ్ చప్పుడు నీకు వినిపించిందంటే అప్పటికే క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, గీరుకుపోయి ఉంటుంది. ఆ పైన ఇంజన్ పట్టేయొచ్చు, లేదా రాడ్డు విరిగి బ్లాకుకి కన్నం పెట్టొచ్చు.

యాంకర్: ఒక్క నిమిషం. బేరింగ్ అంటే బాల్స్ ఉండేదే కదా?

మెకానిక్: సైకిల్ చక్రంలో ఉండేది అది. ఇది వేరు. చేతి గాజుని రెండు ముక్కలుగా కోస్తే ఎలా ఉంటుందో అలాంటి రెండు రేకులు. పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ కింది కొన క్రాంక్‌ని పట్టుకునే చోట కూర్చుంటాయి. ఆటోనగర్‌లో బిగెండ్ బేరింగులంటాం. వెనకవైపు ఉక్కు, లోపలివైపు మెత్తటి లోహం. తమాషా ఏంటంటే, ఇంజన్ నడిచేటప్పుడు క్రాంక్ ఈ రేకుని అసలు తాకకూడదు. మధ్యలో ఆయిల్ పొర ఉండాలి, దాని మీద తేలాలి. ఆ పొర తెగినప్పుడల్లా మెత్తటి లోహం కొంచెం అరుగుతుంది. ఎనిమిది సిలిండర్లకి పదహారు రేకులు. ఒక్కటి పోతే చాలు.

కాలర్: ఇది అన్ని కార్లలోనూ ఉండేదే కదా అన్నా?

మెకానిక్: ఉండేదే. క్యామ్రీ ఉన్నవాళ్లు ఈ పేరు కూడా విని ఉండరు, వినక్కర్లేదు. ఈ ఇంజన్ సంగతే వేరు. దీనికి అన్నలాంటిది ఎం5లో వచ్చిన వీ10, దానిదీ ఇదే గోల. క్రాంక్‌కీ రేకుకీ మధ్య సందు మరీ తక్కువ పెట్టారని, పైగా 10డబ్ల్యూ-60 లాంటి చిక్కటి ఆయిల్ పోయమన్నారని, చల్లటి ఇంజన్లో అది ఆ సందులోకి సరిగ్గా పాకదని కొందరి వాదన. సందు బాగానే ఉంది, నడిపేవాళ్లదే తప్పని ఇంకొందరు. ఈ తగువు ఇప్పటికీ తేలలేదు. నేను విప్పిన వాటిలో 60 వేల మైళ్లకే రేకు పైపొర అరిగి కింద రాగి బయటపడినవి ఉన్నాయి, లక్ష దాటినా ఫర్వాలేదనిపించినవీ ఉన్నాయి. పాత ఈ46 ఎం3 తొలి బండ్లకి కంపెనీయే పిలిచి ఊరికే మార్చి పెట్టింది. నీ మోడల్‌కి ఆ భాగ్యం లేదు.

కాలర్: ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపాను. బేరింగులు అరిగితే ఆయిల్లోకి వచ్చే సీసం, రాగి మామూలుగానే ఉన్నాయన్నారు.

మెకానిక్: ఆ ఆయిల్ పోసి ఎన్ని మైళ్లు నడిపావు?

కాలర్: 1,200 ఉంటుంది.

మెకానిక్: దీంట్లో పట్టేది 8.8 లీటర్లు. అంత కొత్త నూనెలో 1,200 మైళ్ల అరుగుదల ఏం కనపడుతుంది? రిపోర్టులో సీసం ఎక్కువొస్తే నమ్ము. తక్కువొస్తే మాత్రం గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోకు. నాలుగైదు రిపోర్టులు వరసగా ఉంటే అప్పుడు ఏదో చెప్పొచ్చు. ఇంకో సంగతి, 2010-11 ప్రాంతం నుంచి సీసం లేని రేకులు వేశారు. అవి ఉన్నవాళ్లు రిపోర్టులో సీసం లేదని సంబరపడుతుంటారు. ఉంటే కదా రావడానికి! నీది 2009 కాబట్టి నీకా సమస్య లేదులే. సరే, ఎలా నడుపుతావు?

కాలర్: ఆఫీసుకి తియ్యను. శని, ఆదివారాలు. మూడు నెలలకోసారి రేస్ ట్రాక్ మీద నడపనిచ్చే ట్రాక్ డేకి తీసుకెళ్తాను.

మెకానిక్: స్టార్ట్ చెయ్యగానే లాగుతావా?

కాలర్: (నవ్వు) ఇప్పుడు మానేశాను.

మెకానిక్: మంచిది. ఆర్‌పీఎం మీటర్‌లో పసుపు గీతలు వేడెక్కేకొద్దీ ఒక్కోటీ పోతుంటాయి చూడు, అది అలంకారం కాదు. ఎన్నాళ్లు ఉంచుకుంటావు బండిని?

కాలర్: అమ్మనన్నా. ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్ గోడకి దీని ఫొటో అంటించుకున్నాను.

మెకానిక్: అయితే మార్పించు. ఏడాదిలో అమ్మేసేవాడివైతే ధర తగ్గించి ఇచ్చెయ్యమనేవాణ్ని. ఉంచుకుంటావు, ట్రాక్‌కి తీసుకెళ్తావు, పాత రకం రేకులు, 78 వేల మైళ్లు. ఈ ఇంజన్ పోతే ఇంకోటి వేయించడానికి 20 వేల డాలర్ల దాకా చూసుకోవాలి. దాని ముందు 3,200 పెద్ద లెక్క కాదు. కాకపోతే తొందరపడకు. ముందు పాత బిల్లులు చూశావా?

కాలర్: ఒక కవరిచ్చాడు అమ్మినాయన. అంతగా చూడలేదు. ఇక్కడే ఉంది, ఉండండి... టైర్లు... బ్రేకులు... అన్నా, ఇదేదో రాడ్ బేరింగ్ సెట్ అని ఉంది! 2019. అంటే మార్చేసినట్టేనా?

మెకానిక్: ఆగాగు. అందులో లేబర్ ఉందా?

కాలర్: లేదు. పార్టుల షాపు బిల్లు.

మెకానిక్: రాడ్ బోల్టులు?

కాలర్: లేవు. బేరింగులే.

మెకానిక్: ఆయిల్ పాన్ గాస్కెట్?

కాలర్: అదీ లేదు.

మెకానిక్: ఇప్పుడు కథ మారింది. ఈ పని కింది నుంచి చేస్తారు. ఇంజన్‌ని పైనుంచి వేలాడదీసి, ఇంజన్‌కీ ముందు చక్రాలకీ ఆధారమైన చట్రం, సబ్‌ఫ్రేమ్, దించి, అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, ఆయిల్ పాన్, ఊడదీస్తేగానీ రాడ్లు కనపడవు. ఆ బోల్టులు బిగించేటప్పుడు సాగే రకం, ఒకసారి విప్పితే పారెయ్యాలి. కాబట్టి మూడింట్లో ఏదో ఒకటి జరిగింది. కొని వెయ్యకుండా వదిలేశాడు. బోల్టులు వేరేచోట కొని సరిగ్గానే వేయించాడు. లేదా ఇంట్లో జాకీల మీద ఎక్కించి పాత బోల్టులతోనే బిగించాడు. ఈ మూడోది నాకు పాత రేకుల కన్నా ఎక్కువ భయం.

యాంకర్: ఎందుకని?

మెకానిక్: అరిగిన బేరింగ్‌కి ఇంకొంత ఆయుష్షు ఉండొచ్చండి. సాగిన బోల్టు తెగితే అదే క్షణం ఇంజన్ పోతుంది. పైగా రాడ్డు కింది కొనని క్రాంక్ చుట్టూ మూసే మూతల్ని కోసి చెయ్యరు, రాడ్డునే విరగ్గొట్టి చేస్తారు. ఏ మూత దాని రాడ్డుకే, అదే దిశలో అతుకుతుంది. తారుమారైతే అంతే.

కాలర్: మరి ఎలా తెలుసుకోవాలన్నా?

మెకానిక్: ఆ కవర్లో 2019 తర్వాత వీల్ అలైన్‌మెంట్ బిల్లు ఉందేమో వెతుకు. సబ్‌ఫ్రేమ్ దించినవాడు అలైన్‌మెంట్ చేయిస్తాడు. తర్వాత బండిని లిఫ్ట్ ఎక్కించి పాన్ అంచు చూడమను, బోల్టు తలల మీద స్పానర్ గుర్తులు తెలుస్తాయి. అన్నిటికన్నా ముందు అమ్మినాయనకి ఫోన్ చెయ్యి. వేయించావా అని అడక్కు, అవుననేస్తాడు. ఎవరు వేశారు, పాత రేకులు దాచావా అని అడుగు. ఎం3 పిచ్చి ఉన్నవాడు పాత రేకులు పారెయ్యడు, జిప్‌లాక్ కవర్లో సిలిండర్ నంబర్లు రాసి పెట్టుకుంటాడు.

కాలర్: దాచలేదంటే?

మెకానిక్: విప్పించు. 3,200 చెప్పిన షాపుని, ఈ ఇంజన్‌కి ఇప్పటిదాకా ఎన్ని చేశారు, కొత్త బోల్టులు లెక్కలో ఉన్నాయా, విప్పిన రేకులు నాకిస్తారా అని అడుగు. మూడోదానికి నసిగితే ఇంకో షాపు చూసుకో. అప్పటిదాకా ట్రాక్‌కి వద్దు.

కాలర్: వచ్చే శనివారం బుక్ చేసుకున్నానన్నా...

మెకానిక్: క్యాన్సిల్ చేసుకో తమ్ముడూ.

యాంకర్: లైన్లో ఇంకొకరు ఎదురుచూస్తున్నారు. ఎడిసన్ నుంచి, హోండా ఒడిస్సీ అట, స్లైడింగ్ డోర్ పడట్లేదట.

మెకానిక్: హమ్మయ్య. కలపండి.